మడత సైకిలుతో శ్రీసిటీకి...!

సినిమాల్లో హీరో విమానం దిగుతాడు. నల్లకళ్ళద్దాలు సర్దుకుంటాడు. గాలికి కోటు రెపరెపలాడుతుంది. కట్! మరుసటి షాట్‌లో ఇంటి గుమ్మంలో ఉంటాడు. అమ్మ హారతి పళ్ళెంతో ఎదురొస్తుంది. విమానాశ్రయానికీ గుమ్మానికీ మధ్య ఏం జరిగిందని మనం అడగం. ఆ ప్రశ్న మనకు తట్టనివ్వకపోవడమే ఎడిటర్ గారి గొప్పదనం!

మరి మనం దిగితే? మన ప్రయాణానికి ఎడిటర్ లేడు కదా. బయటికి రాగానే టాక్సీవాళ్ళు చుట్టుముడతారు. బస్సు ఎక్కడాగుతుందో అడిగితే ఒకాయన ఇటు చూపిస్తాడు, ఇంకొకాయన అటు. రైలు దిగితే ఊరు అల్లంత దూరాన ఉంటుంది. ఐదొందల కిలోమీటర్లు గంటంబావులో ఎగిరొచ్చిన మనిషి చివరి పది కిలోమీటర్ల దగ్గర చతికిలబడిపోతాడు. సినిమావాళ్ళు కత్తిరించి పారేసే ఆ రీలుముక్కే మన జేబుకి చిల్లు, మన టైముకి గండి.

ఆ ముక్కని సొంత కాళ్ళతో దాటి చూద్దామనిపించింది. హైదరాబాదు నుంచి శ్రీసిటీకి. విమానం, మెట్రో, లోకల్ రైలు, ఆపైన సైకిలు. అదీ అక్కడ అద్దెకి తీసుకున్నది కాదు, ఇంటి దగ్గర్నించి వెంటపెట్టుకెళ్ళింది. మడతపెట్టి! 2024 సంక్రాంతికి "గుంటూరు కారం"లో కుర్చీ మడత పాటకి థియేటర్లు ఊగిపోయాయి గదా... మనది సైకిలు మడత. పాటయితే లేదు గానీ స్టెప్పులు మాత్రం బోలెడు. అన్నీ రైల్వే స్టేషను మెట్లే!

ఇంతకీ శ్రీసిటీయే ఎందుకు? ఎందుకంటే ఈ పేజీ చదివే కుర్రకారులో చాలామంది ఏదో ఒక రోజు చంకలో సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకుని అక్కడ దిగాల్సినవాళ్ళే. మద్రాసుకి ఉత్తరాన 55 కిలోమీటర్లు, సరిగ్గా ఆంధ్రా–తమిళనాడు సరిహద్దు మీద, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008 ఆగస్టు 8న మొదలైన పారిశ్రామిక నగరం అది. మొదట్లో కంపెనీ పేరు సత్యవేడు రిజర్వ్ ఇన్‌ఫ్రాసిటీ. అందులో మొదటి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో "శ్రీ" వస్తుంది చూడండి! ఈనాడు అక్కడ రెండు వందలకు పైగా కంపెనీలున్నాయి. ట్రక్కులు, ఏసీలు, చాక్లెట్లు, టూత్‌పేస్టు, సెల్‌ఫోన్లు... ఒక పక్క ట్రిపుల్ ఐటీ, ఇంకో పక్క క్రియా విశ్వవిద్యాలయం. అంత పెద్ద నగరానికి సొంత రైల్వే స్టేషను లేదు. తడలో దిగాలి. అక్కడి నుంచి, మీరు వెళ్ళే గేటుని బట్టి, పది కిలోమీటర్లకి అటూ ఇటూ.

విమానంలోంచి దూకిన సైకిళ్ళు

మడత సైకిలంటే నిన్నగాక మొన్న పుట్టిన ఫ్యాషననుకునేరు! 1890లలోనే ఫ్రెంచి సైన్యంలో జెరార్ అనే అధికారి, సిపాయి వీపున మోసుకుపోయే మడత సైకిలు చేయించాడు. రెండో ప్రపంచ యుద్ధంలోనైతే ఇంగ్లండు బీఎస్ఏ కంపెనీ పారాట్రూపర్ల కోసం అరవై వేలకి పైగా తయారు చేసింది. సిపాయి విమానంలోంచి పారాచూట్‌తో దూకుతాడు, సైకిలూ అతనితోబాటే గాల్లోంచి దిగుతుంది. నేల తాకాక రెండు మరలు బిగించుకుని ఎక్కడమే తరువాయి. జేమ్స్ బాండ్ సినిమా కాదండీ, నిజంగా జరిగిన ముచ్చట. అంటే విమానానికీ మడత సైకిలుకీ చుట్టరికం ఇప్పటిది కాదన్నమాట.

యుద్ధం ముగిశాక అది బస్తీ మనుషుల చేతికి వచ్చింది. 1975లో లండన్లో ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు తన ఫ్లాటులోనే కూర్చుని ఒక నమూనా తయారు చేశాడు. కిటికీలోంచి బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి కనిపించేది, సైకిలుకి ఆ పేరే పెట్టాడు. పెట్రోలు కటకట రోజుల్లో అమెరికాలో డేవిడ్ హాన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడికీ ఇదే పిచ్చి పట్టింది. 1982లో డాహాన్ కంపెనీ పెట్టాడు. మన వైపు పెద్ద సైకిళ్ళ పుట్టిల్లు అంబత్తూరు. 1949లో మొదలైన టీఐ కంపెనీ హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్ళు అక్కడివే. మన నాన్నలు పాలక్యాను తగిలించుకుని తొక్కినవి, ముందు బారు మీద మనల్ని కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళినవి!

సైకిలు సంగతి సినిమావాళ్ళకి బాగా తెలుసు. 1989లో వచ్చిన "శివ"లో నాగార్జున సైకిలు చైను లాగిన దగ్గర్నించి కాలేజీ కుర్రాళ్ళ చూపే మారిపోయింది. మడత సైకిలు చైను అలా లాగాలని చూడకండి. చిన్న చక్రాల బండి, పొట్టి చైను, విలన్ మీదికి చాలదు!

ఇంకా వెనక్కి వెళితే 1948 నాటి ఇటలీ సినిమా "బైసికిల్ థీవ్స్". ఉద్యోగం వచ్చింది, కానీ సైకిలుంటేనే ఉద్యోగం. ఆ సైకిలు కాస్తా పోయింది. కథంతా అంతే. సైకిలు కోసం వెతుకులాట. ఆ సినిమా ఒక్కసారైనా చూడండి. ఎందుకు చెబుతున్నానో తడ స్టేషను దగ్గర తెలుస్తుంది.

కౌంటరు దగ్గర కథ

ముందు మూట కట్టే విద్య నేర్చుకోవాలి. దేశంలో తిరిగే విమానాల్లో చవక టికెట్టు మీద మామూలుగా 15 కిలోల లగేజీ ఇస్తారు. మడత సైకిలు 11 నుంచి 14 కిలోలు తూగుతుంది. కాబట్టి లగేజీ అంతా సైకిలే! బట్టలు చేతిసంచీలోకి పోవాలి, అది 7 కిలోలు దాటకూడదు. రెండు జతలు, ఒక తువ్వాలు, టూత్‌బ్రష్షు. హీరోయిన్ల సూట్‌కేసులు కుదరవు.

పెడళ్ళు విప్పేయండి. ఇక్కడొక కిటుకుంది. కుడి పెడలు అన్ని మరల్లాగే విప్పుకుంటుంది, ఎడమది మాత్రం తిరగేసి తిప్పాలి. మరే తిరగేసి కోశారు. తొక్కేటప్పుడు దానంతటది ఊడిపోకుండా ఆ ఏర్పాటు. తెలియక అటే బిగిస్తూ కూర్చుంటే వస్తాదులు కూడా విప్పలేరు. టైర్లలో గాలి కొంచెం తీయండి. గేరు తీగలు వంగకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. మొత్తం దుప్పటిలో చుట్టి సంచీలోకి దించండి. పానాలు, రెంచీలు సైకిలు సంచీలోనే పెట్టాలి, చేతిసంచీలో పెడితే సెక్యూరిటీవాళ్ళు లాగేసుకుంటారు.

బ్యాటరీ ఉన్న మడత సైకిలు సంగతా? దాన్ని విమానం ముఖం చూడనివ్వరు. లిథియం బ్యాటరీ 100 వాట్ అవర్ల లోపయితే ఇబ్బంది లేదు, 160 దాకా విమాన సంస్థ అనుమతి ఉండాలి, ఆపైన ప్రయాణికుల విమానంలో పనికిరాదు. ఎలక్ట్రిక్ సైకిలు బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లనుకోండి, గుణిస్తే 360! అందుకని మన కండలే మన బ్యాటరీ.

కౌంటరు దగ్గర అమ్మాయి సంచీని అనుమానంగా చూసింది.

"ఇందులో ఏముంది సార్?"

"సైకిలమ్మా."

"చిన్న పిల్లలదా?"

"చిన్న పిల్లలు తొక్కొచ్చు, పెద్దవాళ్ళూ తొక్కొచ్చు."

ఆ అమ్మాయి పక్క కౌంటరువాణ్ణి పిలిచింది, అతను పైవాణ్ణి పిలిచాడు. ముగ్గురూ కలిసి సంచీ జిప్పు లాగి చూసి, తూకం వేసి, "పెళుసు సామాను" చీటీ అంటించి పంపేశారు. పది నిమిషాల భాగోతం. ఒక సంస్థ దీన్ని మామూలు లగేజీ అంటుంది, ఇంకొకటి ఆటసామాను అని విడిగా డబ్బు కట్టించుకుంటుంది. టికెట్టు కొనకముందే ఆ నిబంధన చదివి పెట్టుకోవడం మంచిది.

పుట్టింటికి తీసుకెళ్ళే రైలు

మద్రాసు విమానాశ్రయంలో దిగితే మెట్రో స్టేషను పక్కనే ఉంది. 2016 సెప్టెంబరు నుంచి అక్కడ మెట్రో నడుస్తోంది. 2019 ఫిబ్రవరిలో దారి పూర్తయ్యాక నేరుగా సెంట్రల్‌కే వెళ్ళిపోవచ్చు. చల్లగా పెట్టెలో కూర్చుని, సైకిలు సంచీని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, గిండీ, సైదాపేట దాటుతుంటే ఒక సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. మనం కూర్చున్న ఈ మెట్రో పెట్టెల్లో మొదటి కొన్ని బ్రెజిల్ నుంచి ఓడల్లో వచ్చాయి. తర్వాతవన్నీ ఎక్కడివో తెలుసా? శ్రీసిటీ ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలోవి! మనం పోతున్న ఊళ్ళో పుట్టిన పెట్టే మనల్ని మోసుకుపోతోంది!

ఇక్కడితో అయిపోలేదు. కొచ్చి మెట్రో పెట్టెలూ అక్కడివే. లక్నోవీ అక్కడివే. బొంబాయి భూగర్భ మెట్రోవీ అక్కడివే. 2019 మేలో ఆస్ట్రేలియాలో సిడ్నీ మెట్రో మొదలైంది. డ్రైవరు లేకుండా నడిచే ఆ రైళ్ళు తయారైందీ శ్రీసిటీలోనే. 2023 జూలైలో కెనడాలో మాంట్రియల్ కొత్త మెట్రో మొదలైతే ఆ పెట్టెలూ ఇక్కడివే. సిడ్నీలో, మాంట్రియల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళు రోజూ పొద్దున్నే సత్యవేడు పక్క తయారైన రైలెక్కి ఆఫీసుకి పోతున్నారన్నమాట. అంత మంచిగా ఊళ్ళు దాటించే రైళ్ళు చేసే మనిషి, తాను మాత్రం తడ స్టేషను నుంచి ఫ్యాక్టరీ గేటుకి ఎలా చేరతాడు? కంపెనీ బస్సుంటే సరే. అది తప్పిపోతే...? ఆ సంగతికే వస్తున్నాను.

మెట్రోలో సైకిలు సంగతి ఒక తమాషా. కొచ్చిలో 2020 నవంబరు నుంచి మడవని మామూలు సైకిలునే లోపలికి ఎక్కించుకోనిస్తున్నారు. బెంగుళూరులో 2021 ఆగస్టులో మడత సైకిళ్ళకి అనుమతిచ్చారు గానీ కొలతలు పెట్టారు. 60 సెంటీమీటర్ల పొడుగు, 45 వెడల్పు, 25 మందం, బరువు 15 కిలోలు దాటకూడదట. లోకంలో బాగా చిన్నగా మడత పడుతుందని పేరున్న బ్రాంప్టన్ సైకిలే మడిచాక 58 సెంటీమీటర్లకి 56, మందం 27! టేపు పట్టుకుని కొలిస్తే అదీ లోపలికి పోదు. ఇంక 20 అంగుళాల చక్రాల చవక సైకిలు సంగతి చెప్పనే అక్కర్లేదు. సూట్‌కేసు కోసం రాసిన కొలతలు సైకిలుకి అంటగట్టారని నా అనుమానం. అనుమతి ఇచ్చినందుకు సంతోషమే గానీ, రాసినాయన ఒక్క సైకిలునైనా మడిచి చూసి రాసి ఉంటే బాగుండేది. ఏ ఊరి మెట్రో అయినా, సంచీలో పెట్టి జిప్పు వేస్తే అది లగేజీ, తీస్తే వాహనం. జిప్పు వేసుకునే పొండి!

సెంట్రల్ స్టేషనుకి 2019 నుంచి ఎం.జి.ఆర్. పేరు. సినిమా అభిమానులకి ఇంతకన్నా కావలసిందేముంది! సెంట్రల్ పక్కనే మూర్‌మార్కెట్ కాంప్లెక్సు, లోకల్ రైళ్ళు బయల్దేరే చోటు. పాత మూర్‌మార్కెట్ 1985లో తగలబడిపోయింది. పాత పుస్తకాల కోసం తెలుగు రచయితలూ, వేషాల కోసం వచ్చిన కుర్రాళ్ళూ తచ్చాడిన చోటది. ఇప్పుడు ఆ పేరు రైల్వే టికెట్ల మీద మిగిలింది.

ఇక్కడి నుంచి ఉత్తరంగా పోయే లోకళ్ళు ఎక్కువ భాగం గుమ్మిడిపూండితో ఆగిపోతాయి. సూళ్ళూరుపేట దాకా పోయేవి కొన్నే ఉన్నాయి. మీకు కావాల్సింది అవే. టైము చూసుకుని ఎక్కాలి. తిరువొత్తియూరు, ఎన్నూరు, మీంజూరు, పొన్నేరి... పూలబుట్టలు, కూరగాయల మూటలు, చేపల తట్టలు. వాటి మధ్య నా సంచీని ఎవరూ వింతగా చూడలేదు. విమానంలో ముగ్గురు ఆఫీసర్లు పరీక్ష చేసిన సరుకుని ఇక్కడ ఒక ముసలమ్మ కాళ్ళు చాపుకోవడానికి ఆనించుకుంది. ఆఫీసు వేళల్లో మాత్రం ఎక్కకండి. మడిచినా చోటుండదు, మనల్నే మడతపెట్టేస్తారు.

ఈ రైలుదారి గురించి సినిమా పత్రికలో ఒక్క మాట చెప్పకపోతే పాపం. ఒకప్పుడు తెలుగు సినిమా అంటే మద్రాసు. వాహినీ, విజయా, కోడంబాకం. బెజవాడ, గుంటూరు, నెల్లూరు నుంచి వేషం కోసం, పాట కోసం, కథ చేత పట్టుకుని బయల్దేరిన ప్రతి కుర్రాడూ గూడూరు దాటి, తడ దాటి, ఈ పట్టాల మీదనే సెంట్రల్‌లో దిగాడు. కొందరు తారలయ్యారు. ఎక్కువమంది తిరుగు రైలెక్కారు. తర్వాత సినిమా హైదరాబాదు వచ్చేసింది. ఇప్పుడు అదే పట్టాల మీద మద్రాసు వైపు నుంచి కుర్రాళ్ళు తడలో దిగుతున్నారు. వేషం కోసం కాదు, నెలజీతం కోసం.

తడలో ఒక ఇంటర్వ్యూ

ఆరంబాకం తమిళనాడులో ఆఖరి స్టేషను, తర్వాత తడ. దిగేసరికి తొమ్మిదీ పది. స్టేషను బయట షేరాటో ఉంది. ఇద్దరు కూర్చున్నారు, నిండితేగానీ కదలదు. పక్కన ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలుతో ఇరవై ఏళ్ళ కుర్రాడు గడియారం చూసుకుంటున్నాడు. నేను సంచీ విప్పి సైకిలు తీసేసరికి దగ్గరికొచ్చాడు.

"యాడికన్నా?"

"శ్రీసిటీకి తమ్ముడూ. నువ్వు?"

"నేనూ ఆడికేనన్నా. ఇంటర్వ్యూ. పదికంతా గేటు కాడ ఉండమన్నారు. షేరాటో నిండాలంటే ఇంకా ఇద్దురు రావాలంట. ఒక్కడికే కావాలంటే రెండొందలు అడగతా ఉండాడు." కాసేపు సైకిలుకేసి చూశాడు. "నీకేమన్నా, నీ బండి నీ సంచీలోనే ఉండాది."

కావలి కుర్రాడు, డిప్లొమా చేశాడు. మద్రాసులో అన్న గదిలో రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరాడట. "బైసికిల్ థీవ్స్" ఎక్కడో రోమ్ నగరంలో జరిగిన కథ అనుకుంటాం. ఇదిగో, తడ స్టేషను బయట!

మడత సైకిలు మీద ఇద్దరు ఎక్కడానికి లేదు, వెనక కూర్చోబెడితే చక్రం చదునైపోతుంది. అందుకని సైకిలు మళ్ళీ మడిచాను. ఆటో అతన్ని అడిగాను, "నాకో సీటు, ఈ సైకిలుకో సీటు, ఈ తమ్ముడికో సీటు. నిండినట్టేనా?" అతను నవ్వాడు. "సైకిలుకి టికెట్టు తీసుకునే సామిని ఇప్పుడే చూస్తా ఉండా. ఎక్కండి!"

పదికి పది నిమిషాలుండగా ఆ కుర్రాడు గేటు దగ్గర దిగి, ఫైలు గుండెలకి హత్తుకుని పరిగెత్తాడు. పేరు కూడా అడగలేదు నేను.

చూశారా, ఇది మామూలు సైకిలయితే రైలెక్కేదే కాదు, ఎక్కినా ఆటోలో పట్టేది కాదు. మడత సైకిలు గొప్పంతా తొక్కడంలో లేదు. తొక్కాల్సిన అవసరం లేనప్పుడు నోరు మూసుకుని మూటలా పడి ఉండడంలో ఉంది. అయితే ఒక మాట. చవక రకమే పదిహేను, ఇరవై వేలు పలుకుతుంది, పేరున్న విదేశీ రకం లక్ష దాటిపోతుంది. కావలి నుంచి ఇంటర్వ్యూకొచ్చిన కుర్రాడు కొనే వస్తువు కాదు. జీతం మొదలై ఏడాది తిరిగాక కొంటాడేమో. అప్పటికి అతనికి కంపెనీ బస్సు ఉంటుంది! అవసరం ఉన్న రోజున కొనలేడు, కొనగలిగిన రోజున అవసరం ఉండదు. తడ స్టేషను దగ్గర ఓ యాభై మామూలు సైకిళ్ళు అద్దెకి పెట్టినా చాలు, పొద్దున లోకల్లో దిగిన కుర్రాళ్ళకి రెండొందల బాధ తప్పుతుంది. వెనకటికి ప్రతి ఊళ్ళో గంటకి పావలా లెక్కన అద్దె సైకిళ్ళ కొట్లుండేవి కాదూ!

లోపల ఏముంది?

శ్రీసిటీ లోపల రోడ్లు వెడల్పు, పక్కన చెట్లు. చిన్న చక్రాల సైకిలుకి గుంతలంటే గిట్టదు, కాబట్టి ఇది దానికి స్వర్గం. ఎగుమతుల మండలంలోకి పాసు లేనిదే పోనివ్వరు, కస్టమ్స్ కాపలా ఉంటుంది. మిగతా రోడ్ల మీద హాయిగా తొక్కొచ్చు. కంటెయినరు లారీ వచ్చినప్పుడు మాత్రం గౌరవంగా పక్కకి తప్పుకోండి. దానికి మనం కనిపించం.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ చూడాలి! బస్సులే బస్సులు. మెళ్ళో గుర్తింపు కార్డులు, జడల్లో కనకాంబరాలు. సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. 2015లో ఫాక్స్‌కాన్ ఇక్కడ షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టిన దగ్గర్నించి ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో మొదటి నెలజీతం తెచ్చింది కూతురే. మీ చేతిలో ట్రైలర్ చూస్తున్న ఫోను వాళ్ళలో ఎవరి చేతి మీదుగానో వచ్చిందే కావచ్చు.

టీ బంకు దగ్గర ఆగాను. టీ పోసే అక్క నాతో తెలుగు, లారీ డ్రైవరుతో తమిళం, కొడుకుతో రెండూ కలిపి మాట్లాడింది. దానికీ ఒక చరిత్ర ఉంది. 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాలూ సరిహద్దు ఊళ్ళు మార్చుకున్నాయి. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఇటొచ్చాయి. అందుకే ఇక్కడ రజనీకాంత్ సినిమా ఏ భాషలో ఆడినా ఒకటే ఈల! శ్రీసిటీ మొదట చిత్తూరు జిల్లాలో ఉండేది, తడ, సూళ్ళూరుపేట నెల్లూరులో ఉండేవి. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా ఏర్పడ్డప్పుడు అన్నీ ఒక గూటికి చేరాయి.

"ఈ సైకిలు ఎంతక్కా అనుకుంటున్నావు?" అన్నాను.

"అయిదారు వేలుంటాదా?"

నిజం చెప్పేసరికి టీ గ్లాసు గట్టిగా పెట్టింది. "దానికి ఇంకో రెండు చక్రాలు వేయించుకోపోయినావా సామీ!"

తిరుమల వెళ్ళి ఇటు రావాలనుకునే వాళ్ళు మద్రాసు దాకా పోనక్కర్లేదు. రేణిగుంట విమానాశ్రయంలో దిగి, తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా ఆర్టీసీ బస్సులో రావచ్చు. సైకిలుకి కండక్టరు లగేజీ టికెట్టు కొడితే గొడవపడకండి, వెనకవైపు నిలబెట్టుకోనిస్తాడు, అదే పదివేలు. మద్రాసు నుంచి బస్సులో వస్తే మాధవరం బస్టాండుకి పోవాలి. ఆంధ్రా బస్సులు 2018 నుంచి అక్కడివే. వరదయ్యపాళెం పక్క కొండల్లో ఉబ్బలమడుగు జలపాతం ఉంది. అక్కడి దారి రాళ్ళమయం, మడత సైకిలుని పట్టుకుపోతే అది మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోయాలి.

తిరుగు ప్రయాణంలో తడ దాకా తొక్కేశాను, ముప్పావుగంట పట్టింది. జాతీయ రహదారి మీద తొక్కకండి, పక్క సర్వీసు రోడ్డుంది. సాయంత్రం పులికాట్ సరస్సు వైపు నుంచి ఎదురుగాలి కొడుతుంది. చిన్న గేరులో నిదానంగా పోవాలి. నవంబరు, డిసెంబరుల్లో వాన పట్టుకుంటే వదలదు, సంక్రాంతి దాటాక రండి. ఆ రోజుల్లో సరస్సులో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు దిగి ఉంటాయి.

అసలు మజా సూళ్ళూరుపేటలో! తడ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే, లోకల్ రైలెక్కితే చాలు. 2019 ఆగస్టులో రామ్‌చరణ్ చేతుల మీదుగా మొదలై, "సాహో"తో తెర లేచిన వి ఎపిక్ థియేటరు అక్కడ హైవే పక్కనే ఉంది. తెర వెడల్పు వంద అడుగుల లెక్కలో! దాని కోసం మద్రాసు నుంచి కార్లేసుకుని వస్తుంటారు. మనం స్టేషన్లో దిగి, సైకిలు విప్పి, తొక్కుకుంటూ పోయి ఫస్టు షో చూశాం. హాల్లోకి మడిచి పట్టుకుపోదామని చూడకండి. బండ్లు పెట్టే చోటే తాళం వేసి పెట్టండి, వెనక లైటు మాత్రం ఊడదీసి జేబులో వేసుకోండి, చీకట్లో స్టేషనుకి తిరిగి రావాలంటే అది కావాలి. మద్రాసు వైపు పోయే ఆఖరి లోకల్ ఎన్నింటికో సినిమా మొదలు కాకముందే కనుక్కోండి. అది క్లైమాక్సు కోసం ఆగదు!